ఉదయగిరి కొండకి నడిచి వెళ్లండి, తాడు మాత్రం చిన్న బండకి కట్టండి

నెల్లూరు జిల్లా ఉదయగిరి దుర్గం చూడ్డానికి శుభ్రంగా నడిచి ఎక్కండి. తాడు కట్టి ఎక్కే పని మాత్రం అక్కడ పెట్టుకోవద్దు, రాత్రి అక్కడ పడుకోవద్దు. ఎక్కడం నేర్చుకోడానికి ఊరి దగ్గర చిన్న బండ ఒకటి, పడుకోడానికి తెలిసినవాళ్ల తోట ఒకటి వేరువేరుగా చూసుకోండి. నేను చెప్పేది ఇంతే. మిగతాదంతా ఎందుకు, ఎలా అన్నదే.

మీరు రాసిందాన్ని బట్టి సంక్రాంతికి బెంగళూరు నుంచి కావలి వస్తున్నది ఆరుగురు. ఇద్దరు జిమ్‌లో గోడ ఎక్కారు, మిగతా నలుగురికి ఆ అనుభవం కూడా లేదు. చేతిలో రెండు పగళ్లు, ఒక రాత్రి. తాడూ కొక్కేలూ ఆన్‌లైన్‌లో తెప్పించుకుని, ఉదయగిరి కొండ మీదే టెంట్లు వేసుకుని, తెల్లారి కొండ అంచున ఎక్కడం మొదలుపెడదామని ఆలోచన. పన్నెండేళ్ల తమ్ముడు కూడా వస్తానని వెంటపడుతున్నాడు.

ముందు కొండ సంగతి. ఉదయగిరి కొండ ఎత్తు 3,079 అడుగులు. పాత గెజెటీర్ల లెక్క ప్రకారం అక్కడ పదమూడు కోటలు, ఎనిమిది కొండ మీద, ఐదు కింద. కృష్ణదేవరాయలంతటి వాడికే గజపతుల చేతిలోంచి దాన్ని లాక్కోడానికి ఏడాదిన్నర ముట్టడి పట్టింది, 1514లో గానీ దక్కలేదు. దక్కాక అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకుపోయి గుడి కట్టించాడు. శత్రువు ఎక్కలేని చోటు చూసుకునే కోట కడతారు కదా, మనం మొదటి పాఠానికి అదే చోటు ఎంచుకోవడం ఏం తెలివి?

పైగా రాయి. ఉదయగిరి వైపు వెలికొండల్లో ఎక్కువగా కనిపించే రాయి క్వార్ట్‌జైట్, మధ్యమధ్యలో పలకరాయి. క్వార్ట్‌జైట్ గట్టిదే, చేతికి పట్టు కూడా బాగా దొరుకుతుంది. కానీ పొరలుగా, నెర్రెలుగా విడిపోయి ఉంటుంది. పట్టుకున్న పలక ఊడొస్తే పడేది మీరొక్కరే కాదు, ఆ పలక కింద తాడు పట్టుకున్నవాడి నెత్తిన పడుతుంది. అంచులు పదును, తాడు రాసుకుంటే తెగుతుంది. అనుభవం ఉన్నవాడు చెయ్యి వేసే ప్రతి చోటా ముందు పిడికిలితో తట్టి చూస్తాడు. గట్టి రాయి మాట్లాడదు, డొల్ల రాయి ఖాళీ కుండలా మోగుతుంది. ఆ తేడా చెవికి పట్టడానికి కొంత కాలం పడుతుంది, మీకు ఆ కాలం ఇంకా రాలేదు.

ఇక అడవి. వెలికొండల్లో చాలా భాగం రిజర్వు ఫారెస్టు. రాపూరు, పెంచలకోన వైపు పెనుశిల నరసింహ అభయారణ్యం. మార్కాపురం దాటి దోర్నాల వైపు వెళ్తే పులుల అభయారణ్యం. ఎలుగుబంట్లు, చిరుతలు రెండు వైపులా ఉన్నాయి. వాటికన్నా ముందు ఆలోచించాల్సింది ఎర్రచందనం దొంగరవాణా గురించి. చీకటి పడ్డాక తాళ్లు, టార్చిలైట్లు, వీపున పెద్ద సంచులతో ఆరుగురు అడవి అంచున కనిపిస్తే బీటు ఆఫీసరు ఏమనుకుంటాడో మీరే ఊహించుకోండి. 1967 నాటి అటవీ చట్టం ప్రకారం అనుమతి లేకుండా రిజర్వు ఫారెస్టులో అడుగుపెట్టడమే నేరం. ఊళ్లో ఎవరో "ఏం పర్లేదు, పోండి సార్" అన్నంత మాత్రాన అది అనుమతి కాదు. అడవిలో నడవాలనుకుంటే రేంజి ఆఫీసుకి వెళ్లి పేర్లు, తేదీలు, బండి నంబరు రాసిచ్చి, సంతకం ఉన్న కాగితం చేతిలో పెట్టుకోండి. పండగ సెలవుల్లో ఆఫీసులో ఎవరూ దొరకరు కాబట్టి ఈ పని జనవరి మొదటి వారంలోనే ముగించాలి.

మీకు ఇంకా రెండు చోట్లు ఎవరో చెప్పారన్నారు. భైరవకోన చూడాల్సిన చోటే. ఒకే కొండలో తొలిచిన ఎనిమిది గుహాలయాలు, ఏడు తూర్పు ముఖం, ఒకటి ఉత్తర ముఖం. పక్కనే రెండు వందల అడుగుల ఎత్తు నుంచి పడే నీళ్లు. కానీ జలపాతం పక్కన రాయి నీళ్లకి అరిగి నున్నబడి, మీద పాచి పట్టి ఉంటుంది. ఆ రాయి ఎక్కేది కాదు, జారేది. పైగా గుడి ఉన్న కొండకి తాడు కట్టడం మర్యాద కూడా కాదు. దర్శనం చేసుకుని వచ్చేయండి. రెండోది చీమకుర్తి క్వారీలు. అక్కడి నల్ల గెలాక్సీ రాయి ప్రపంచమంతా పోతుంది, నిజమే. కానీ క్వారీ గోడ అంటే పేల్చీ, యంత్రాలతో కోసీ వదిలేసిన గోడ, లోపల ఎక్కడెక్కడ నెర్రె వారిందో పైకి తెలీదు. కింద లోతు తెలీని నీళ్లు. ఆ వైపే పోవద్దు.

మరి ఎక్కడ ఎక్కాలి? కొండలు వదిలేసి గుట్టలు చూడండి. అడవి హద్దు బయట, పొలాల మధ్య నిలబడ్డ బోడిగుట్టలు మనవైపు కొదవ లేదు. నేనైతే ఇలా చూస్తాను. ఎత్తు ముప్ఫై, నలభై అడుగులు చాలు. అంతకు మించితే మొదటిసారి ఎక్కేవాళ్లకి భయం తప్ప నేర్చుకునేది ఏమీ ఉండదు. వెనక వైపు నుంచి చేతులు వాడకుండా నడిచి పైకి వెళ్లే దారి ఉండాలి, ఎందుకంటే తాడు కట్టాల్సింది పైనుంచి. కింద చదును నేల ఉండాలి, ముళ్లకంప, గుండ్లు ఉండకూడదు. బండి ఆగే చోటు నుంచి పది నిమిషాల నడక దాటకూడదు, కాలు బెణికితే మోసుకురావాల్సింది మీరే. పట్టా భూమి అయితే రైతుని, ఊరి ఉమ్మడి గుట్ట అయితే పంచాయతీ వాళ్లని అడగండి. గుట్ట మీద అమ్మవారి రాయో, ఆంజనేయుడి బొమ్మో ఉంటే ఇంకో గుట్ట చూసుకోండి. బాదామిలో లాగా ముందే బోల్టులు కొట్టిన దారులు దొరుకుతాయని మాత్రం రావద్దు. ఇక్కడ తాడు ఎక్కడ కట్టాలో మన కళ్లతోనే వెతుక్కోవాలి, అందుకే శిక్షకుడు తప్పనిసరి.

శిక్షకుడు లేకపోతే తాడు ఎక్కడం మానేయండి, నడక, టెంటు చాలు. ఈ ఒక్క విషయంలో నేను బేరం ఆడను. పిలిచేముందు అడగండి: ఉత్తరకాశీలో గానీ, డార్జిలింగ్‌లో గానీ, మనాలీలో గానీ పర్వతారోహణ కోర్సు చేశారా, ఇతరులకి నేర్పే శిక్షణ కూడా తీసుకున్నారా, సర్టిఫికెట్ చూపిస్తారా? తాడు ఎప్పుడు కొన్నారు? మంచి శిక్షకుడికి ఈ ప్రశ్నలు కోపం తెప్పించవు, ఫొటోలు మాత్రమే చూపించేవాడికి తెప్పిస్తాయి. దగ్గర్లో ఎవరూ కుదరకపోతే సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్‌లో దిగి, అక్కడి నుంచి భువనగిరి వెళ్లండి. మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కేముందు తొలి పాఠాలు నేర్చుకున్నది ఆ ఏకశిల మీదే. అక్కడ నేర్చుకుని వచ్చి ఇక్కడ ఎక్కినా నష్టం లేదు.

ఇప్పుడు తాడు కొనాలా అన్నారు కదా. వద్దు. మంచి తాడు ఒక్కటే పదివేలు దాటుతుంది, దాన్ని ఎలా చూసుకోవాలో తెలియకపోతే ఏడాదికే పాడవుతుంది. శిక్షకుడి సామాను వాడండి, కానీ కళ్లు తెరుచుకుని వాడండి. తాడు మీద ఈఎన్ 892 అని, హెల్మెట్ మీద ఈఎన్ 12492 అని యూరప్ భద్రతా ప్రమాణాల ముద్ర ఉంటుంది, అడిగి చూడండి. పది మిల్లీమీటర్ల మందం, అరవై మీటర్ల పొడవు తాడు ఇలాంటి పనికి సరిగ్గా సరిపోతుంది. కారబీనర్ అంటే తాడు తగిలించే, మూత ఉన్న లోహపు కొక్కెం. దాని మీద కేఎన్ (కిలోన్యూటన్లు) అని ఒక అంకె ఉంటుంది. 22 కేఎన్ అంటే నిలువునా దాదాపు 2,200 కిలోల బరువు ఆపుతుందని. తాళంచెవుల గొలుసుకి తగిలించుకునే బొమ్మ కొక్కెం మీద అలాంటి అంకె ఉండదు. బైకు హెల్మెట్ పనికిరాదు, అది పెట్టుకుంటే తలెత్తి పైకి చూడలేరు.

అన్నిటికన్నా ముఖ్యం, బోరు మోటారు దించే నైలాన్ తాడు తెచ్చే మామయ్య ఒకరు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. "ట్రాక్టరునే లాగింది అబ్బయ్యా" అంటారు. లాగుతుంది, కాదనను. కానీ మనిషి పడినప్పుడు ఎక్కే తాడు సాగి ఆ దెబ్బని తను మింగుతుంది. ఆ నైలాన్ తాడు ఆ పనికి చేసింది కాదు, ఎండలో ఎన్నేళ్లు పడి ఉందో తెలీదు. దండం పెట్టి తిప్పి పంపండి.

శిక్షకుడు పైన తాడు కడుతున్నప్పుడు ఆరుగురూ వెనక దారిన పైకి వెళ్లి, అంచుకి దూరంగా కూర్చుని చూడండి. మొత్తం ట్రిప్పులో ఎక్కువ నేర్చుకునేది అక్కడే. తాడు వేలాడేది ఒక్క ఆధారం మీద కాదు, విడివిడిగా కనీసం రెండు ఉంటాయి. ఒకటి చెట్టు అనుకోండి, అది పచ్చగా బతికి ఉండాలి, తొడంత లావుండాలి, వేళ్లు మట్టిలో ఉండాలి. రాతి నెర్రెలో మొలిచిన రావి మొక్క ఎంత పచ్చగా ఉన్నా దాన్ని లెక్కలోకి తీసుకోరు. రెండోది కదలని పెద్ద గుండు, దాని చుట్టూ స్లింగు, అంటే బలమైన పట్టీ. రెంటినీ కలిపే చోట రెండు కారబీనర్లు, మూతులు ఎదురెదురుగా. తాడు నడిచే కారబీనర్లు అంచు దాటి కిందికి వేలాడాలి. అంచు మీద రాసుకునే పట్టీల కింద గోనెసంచి మడత. ఆ సంచి చిన్న విషయంలా కనిపిస్తుంది, క్వార్ట్‌జైట్ అంచు మీద ప్రాణం కాపాడేది అదే. ఇందులో ఏది లేకపోయినా "ఎందుకు లేదు సార్" అని అడగండి. సరైన జవాబు ఉండొచ్చు, కానీ జవాబంటూ ఉండాలి.

కిందికి వచ్చాక, ఎక్కేవాడు, తాడు పట్టేవాడు ఒకరినొకరు చూసుకోవాలి. నడుం పట్టీ బకిల్ బిగిందా, ఎనిమిది ముడి సరిగ్గా పడి తోక మిగిలిందా, బిలే పరికరంలో (కిందివాడు తాడు బిగపట్టే పరికరం) తాడు ఎక్కించిన తీరు సరిగ్గా ఉందా, కారబీనర్ మర బిగించారా. చేత్తో ముట్టుకుని చూడాలి, కళ్లతో కాదు. ప్రతిసారీ. నాలుగోసారి ఎక్కేవాడు నవ్వుతూ "చూశాం లేరా" అంటాడు, వాడి ముడే ఇంకోసారి చూడండి. కేకలు కూడా ముందే అనుకోండి: "బిగించు", "వదులు", "దించు". మూడు మాటలు చాలు. గాలికి సగం మాటే వినబడుతుంది, మధ్యలో కబుర్లు పెట్టుకోవద్దు. కింద నిలబడ్డ మిగతా నలుగురు బండకి దూరంగా, హెల్మెట్లు పెట్టుకునే ఉండాలి.

బూట్ల గురించి బాధపడకండి. మెత్తటి రబ్బరు అడుగున్న బిగుతైన కాన్వాసు బూట్లు చాలు. ఉంగరాలు, గాజులు తీసేయండి, జడ హెల్మెట్ కిందికి దోపుకోండి.

తేనెటీగల గురించి గట్టిగా చెప్పాలి, కొత్తవాళ్లు పాముల గురించి అడుగుతారు గానీ వీటి గురించి అడగరు. బండ పైభాగం ముందుకి వాలి నీడపడే చోట కొండతేనె పెరలు వేలాడతాయి. ముందు రోజే కింద నిలబడి, వీలైతే బైనాక్యులర్‌తో, మొత్తం బండ చూడండి. పెర లేకపోయినా నల్లటి మైనం మరకలుంటే అవి మళ్లీ వచ్చే చోటని అర్థం, పక్కకి జరగండి. ఆ చుట్టుపక్కల పొగ వద్దు, సెంటు పూసుకోవద్దు, డ్రోన్ అసలే వద్దు. లేచాయంటే సామాను వదిలేసి, మొహం కప్పుకుని, బండి దాకా పరుగే. తాడు మీద ఎవరైనా ఉంటే వాళ్లని వెంటనే దించడం తప్ప వేరే ఆలోచన పెట్టుకోవద్దు. నీళ్లలోకి దూకితే ఈగలు పోవు, పైనే తిరుగుతుంటాయి.

కాలం మీకు అనుకూలమే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు. రోహిణి కార్తెలో బండ మీద చెయ్యి పెట్టలేం. జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి దాకా రాయి పొడిగా, చల్లగా ఉంటుంది. అయినా పొద్దున పూట పడమటి ముఖం, మధ్యాహ్నం దాటాక తూర్పు ముఖం ఎక్కితే నీడలో ఉంటారు. మంచు పడ్డ రోజు బండ ఆరేదాకా ఆగండి, తొమ్మిదైనా ఫరవాలేదు. ఆరింటికల్లా పొద్దు గూకుతుంది కాబట్టి ఐదింటికి చివరి మనిషి దిగిపోవాలి. భోగి నుంచి కనుమ దాకా బస్సుల్లో కాలు పెట్టే చోటుండదు, ముక్కనుమ కూడా దాటాక పెట్టుకోండి.

రాత్రికి తోట అన్నాను. మామిడితోట అయితే మేలు. నిమ్మతోటలు నెల్లూరు జిల్లాలో ఎక్కువ, నీడా ఉంటుంది, కానీ రాలిన నిమ్మ ముళ్లు టెంటు అడుగుని, లోపలి గాలి పరుపుని జల్లెడ చేసేస్తాయి. తాటిచెట్ల కింద వద్దు, ఎండుమట్ట ఎప్పుడు పడుతుందో దానికే తెలీదు. వాగు ఇసుక మెత్తగా ఉందని అందులో దిగొద్దు. బండ అంచు కిందా వద్దు. తోట యజమాని నంబరు, మీ వివరాలు ఇంట్లోవాళ్లకి ఇచ్చి రండి, దగ్గర పోలీస్ స్టేషన్లో కూడా ఓ మాట చెప్పి ఉంచితే అర్ధరాత్రి ఎవరైనా వచ్చి అడిగినా భయం ఉండదు.

నీళ్లు మనిషికి రోజుకి నాలుగు లీటర్లు. వంటకీ, చేతులు కడుక్కోడానికీ కలిపి ఇరవై లీటర్ల క్యాన్లు మూడు పెట్టుకోండి, తోటలో బోరుందని వాటిని తగ్గించొద్దు, కరెంటు ఎప్పుడు ఉంటుందో రైతుకే తెలీదు. కట్టెల మంట వద్దు, చిన్న గ్యాస్ స్టవ్ చాలు. మొదటి రోజుకి పులిహోర, పెరుగన్నం ఇంటి నుంచే తెచ్చుకుంటే వంట గొడవ ఉండదు. చేపల పులుసు మరుసటి రోజుకి రుచిగా ఉంటుందని నెల్లూరోళ్లకి నేను చెప్పక్కర్లేదు, కానీ గిన్నె టెంటులో పెట్టుకోవద్దు, కుక్కలూ నక్కలూ రాత్రంతా చుట్టూ తిరుగుతాయి. దొడ్డికి నీటి వనరుకి అరవై మీటర్ల దూరం పోయి, జానెడు గుంట తవ్వి పూడ్చండి.

పాముల సంగతి. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లని కాటేస్తుంది, నొప్పి పెద్దగా తెలీదు, గాటు కూడా కనబడకపోవచ్చు. కాబట్టి ఆరుబయట దుప్పటి పరుచుకుని నక్షత్రాలు చూస్తూ నిద్రపోవడం వద్దు, చూడండి, తర్వాత టెంటులో దూరి జిప్పు చివరిదాకా వేయండి. బూట్లు లోపలే పెట్టుకోండి, పొద్దున దులిపి వేసుకోండి. టార్చి లేకుండా పది అడుగులు కూడా నడవొద్దు. కాటు పడితే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టడం, మంత్రం, ఏదీ వద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా పెట్టి 108కి ఫోన్ చేయండి. పాముకాటు మందు ఉన్న ప్రభుత్వాసుపత్రి ఎక్కడుందో బయల్దేరే ముందే కనుక్కుని రాసి పెట్టుకోండి.

మొదటి రోజు బండ, రాత్రి తోట, రెండో రోజు ఉదయగిరి నడక. ఈ వరస మార్చొద్దు. కొండ దిగొచ్చాక కాళ్లు వణుకుతుంటాయి, ఆ కాళ్లతో తాడు ఎక్కితే సరదా ఉండదు. నడకకి ముందే దారీ అనుమతీ కనుక్కుని, ఊళ్లో దారి తెలిసిన మనిషిని వెంటబెట్టుకుని, పొద్దున ఆరున్నరకి మొదలుపెట్టి, మధ్యాహ్నం ఎంత దూరం వచ్చినా సరే వెనక్కి తిరగండి. పాత గోడలు ఎక్కొద్దు, అవి మట్టి, సున్నం మీద నిలబడ్డవి. దిగాక ఊళ్లో చెక్క గరిటెలు, చెంచాలు చేసేవాళ్ల దగ్గర నాలుగు కొనండి, ఉదయగిరి చెక్క సామానుకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

తమ్ముడిని తీసుకురావొచ్చు. పన్నెండేళ్ల పిల్లలు చాలామంది పెద్దవాళ్లకన్నా బాగా ఎక్కుతారు, బరువు తక్కువ, భయం తక్కువ. కానీ వాడు తాడు పట్టకూడదు, తనకి రెట్టింపు బరువున్న అన్న పడితే వాడే గాల్లోకి లేస్తాడు. నడుం పట్టీ తుంటి ఎముక పైన బిగుతుగా నిలవాలి, కిందికి లాగితే జారిపోయేంత సన్నగా ఉంటే ఛాతీ కూడా కలిపి కట్టే ఫుల్ బాడీ హార్నెస్ కావాలి. వాడి నడుం కొలత, తల కొలత శిక్షకుడికి ముందే పంపండి. పెద్దవాళ్ల హెల్మెట్ ఎంత బిగించినా తల వంచగానే కళ్ల మీదికి జారుతుంది.